గట్టున పడేసిన విమానం

సర్వేయరుకు విమానంతో ఏం పని అని మీరు అడుగుతారు. ఆ రోజు నేనూ అదే అడిగాను. ముప్పై మూడేళ్ళ ఉద్యోగంలో నేను కొలిచింది భూమిని. అన్నదమ్ముల మధ్య జానెడు గట్టు, బాట మీదికి జరిగిన కంచె, చెరువులోకి పాకిన మడి, ఇవే నా పని. వానమబ్బు కోసం తప్ప తల పైకెత్తి చూడాల్సిన అవసరం రాలేదు. అట్లాంటి నా చేత ఒక విమానాన్ని కొలిపించారు. కొలిచే లోపల దాన్ని నేను చెడగొట్టాను కూడా. ఉపగ్రహాలను అడిగి కొలతలు తీసుకుంటున్న ఈ కాలపు పిల్లల్లారా, నా తప్పును కాస్త శ్రద్ధగా వినండి. గెలుపు సంగతి వినకపోయినా ఫరవాలేదు, దాన్ని నేనెలాగూ చెప్పకుండా ఉండలేను.

డెబ్బైల దశకం చివర. కుప్పంలో కొన్నేళ్ళు చేసి పుంగనూరు తాలూకాకు బదిలీ అయి వచ్చాను. ఆషాఢమాసంలో ఒక పొద్దున సోమల వెళ్ళే దారిలో ఉన్న పల్లె పొలంలో చిన్న విమానం పడింది. ఇద్దరు కూర్చునే శిక్షణ విమానం. తూర్పు నుంచి బెంగుళూరు వైపు తిరిగి వెళ్తోందట. ఆ రోజు అందులో ఒక్కడే ఉన్నాడు. ఊరివాళ్ళు అతన్ని బయటికి లాగి, నులకమంచం మీద రోడ్డు దాకా మోసి, లారీ ఆపి, మదనపల్లె మిషను ఆసుపత్రికి చేర్చారు. తొడ ఎముక విరిగింది, పక్కటెముకలు విరిగాయి, ప్రాణం మాత్రం దక్కింది.

తహసీల్దారు నన్ను పిలిచి, "దర్యాప్తు ఆఫీసరు మద్రాసు నుంచి వస్తాడు. రావడానికి రెండు మూడు రోజులు పడుతుంది. ఈలోగా ఏ ముక్క ఎక్కడ ఉందో కొలిచి పటం గీసిపెట్టు" అన్నాడు. నేనూ మా కొలత గొలుసు పట్టే మనిషీ బస్సెక్కి వెళ్ళాం. పొలం తూర్పు అంచున చింతచెట్టు, దాని కొన విరిగి ఉంది. చెట్టుకు పడమరగా నేల గీసుకుపోయి, పొలం చివర విమానం మొండెం బోర్లా పడి ఉంది. మధ్యలో పొలం పొడుగునా రేకు ముక్కలు, అద్దం పెంకులు. మొండెం, చెట్టు, గీత కొలిచేసరికి వాన అందుకుంది. చిన్న ముక్కలు రేపు చూద్దాంలే అనుకున్నాను.

మర్నాడు వెళ్ళేసరికి పొలం యజమాని నా కోసం కాచుకుని ఉన్నాడు. విత్తనం సిద్ధంగా ఉంది, ఎడ్లు సిద్ధంగా ఉన్నాయి, కూలికి వచ్చిన ఆడవాళ్ళు గట్టు మీద కూర్చుని ఉన్నారు.

"సామీ, ఈ పదును కోసరం నెల దినాలుగా ఆకాశం సూస్తాండాం. రెండు దినాలు పోతే ఆరిపోతాది. ఆ పెద్ద బొందె యాడుండాదో ఆడే ఉండనీ. ఈ సిల్లర ముక్కలు ఏరేస్తే సెనిక్కాయ యేసుకుంటాం."

నాకూ న్యాయమే అనిపించింది. మా పనిలో హద్దురాయి ముఖ్యం, గులకరాళ్ళను ఎవరూ పట్టించుకోరు. మొండెం కొలిచాను, చెట్టు కొలిచాను, ఇంక ఈ రేకు పెంకులతో పనేముంది? "సరే, ఏరి గట్టున వేయండి" అన్నాను. మా మెట్ట పొలాల్లో ఏటా విత్తే ముందు రాళ్ళు ఏరి గట్టున వేయడం అలవాటు. పన్నెండు మంది ఆడవాళ్ళు వరసగా నిలబడి, ఒక్క పెంకు మిగలకుండా పొలం శుభ్రం చేశారు. కాపలా ఉన్న కానిస్టేబులు కూడా ఒక చెయ్యి వేశాడు. నేను గట్టు మీద కూర్చుని యజమాని ఇచ్చిన గుప్పెడు విత్తనం పప్పులు నములుతూ, ప్రజలకు ఉపయోగపడే ఉద్యోగం చేస్తున్నానని సంతోషపడ్డాను.

మూడో రోజు దర్యాప్తు అధికారి వచ్చాడు. సన్నగా, పొడుగ్గా, ఇస్త్రీ మడత నలగని చొక్కాతో ఉన్నాడు. తెలుగు తమిళం యాసలో మాట్లాడేవాడు గానీ బాగానే మాట్లాడేవాడు. దున్ని విత్తిన పొలం వంక చూశాడు. గట్టు వంక చూశాడు.

"ఎవరు చెప్పారు ఏరమని?"

"నేనే సార్."

"ఏ ముక్క ఎక్కడ పడిందో తెలిస్తే ఏది ముందు ఊడిందో తెలుస్తుంది. అది తెలిస్తే విమానం ఎందుకు పడిందో తెలుస్తుంది. నాకు మీరు పాత ఇనుము కుప్ప మిగిల్చారు."

కోప్పడి అరిచినా బాగుండేది. ఆయన అరవలేదు. గట్టు వెంబడి నడుస్తూ ముక్కలన్నీ చూసి, మధ్యాహ్నానికి ఒక సంగతి తేల్చాడు. ఎడమ రెక్క వెనక అంచున ఉండే పలక లేదు. విమానం రెక్కకు వెనకవైపు కీళ్ళ మీద ఆడే పలక ఒకటి ఉంటుంది. విమానాన్ని పక్కలకు వంచేదీ నిలబెట్టేదీ అదే. దానికేదో ఇంగ్లీషు పేరు ఉంది గానీ నేను పలక అనే అంటాను.

"పలక గాల్లోనే ఊడితే తప్పు విమానానిది" అన్నాడాయన. "చెట్టుకు తగిలి ఊడితే, అంత కిందికి దిగిన పైలట్‌ది. చెట్టు కొన విరిగి ఉంది. పలక ఈ పొలంలోనే పడి ఉంటుంది, మీవాళ్ళెవరో పాత సామాన్లవాడికి ఇచ్చి ఉంటారు. నేను ఇంకేమని రాయను?"

ఆ మాటకు ఊరి మాట తోడయింది. పైలట్ కుప్పం మనిషి. అతని అక్క పుంగనూరు దగ్గర పల్లెలోనే టీచరు, ఆ బడి పొలానికి మైలు దూరం. "అక్కకు సూపించుకోను కిందికి దిగినాడంట" అని పుంగనూరు బస్టాండులో టీ తాగే ప్రతివాడూ చెప్పాడు. అతను తాగి ఉన్నాడని చెప్పినవాళ్ళూ ఉన్నారు. వాళ్ళకు వాసన ఎక్కణ్ణుంచి వచ్చిందో నాకు తెలియదు.

అతని వాంగ్మూలం తీసుకోవడానికి అధికారి వెళ్తూ నన్నూ వెంటబెట్టుకుని పోయాడు. ఆసుపత్రిలో అతను మంచం మీద కాలు కట్టి పడుకుని ఉన్నాడు. ముప్పై ఏళ్ళు కూడా ఉండవు. పక్కన తండ్రి, రిటైరైన మిషను బడి అయ్యవారు, తెల్లపంచె, ఒళ్ళో బైబిలు. కొడుకు దాచకుండా చెప్పాడు.

"పోయిన సంవత్సరం ఒకసారి దిగినాను సార్, మా అక్క బడి మీద. పిల్లోళ్ళు చేతులు ఊపినారు. అది తప్పే. ఈసారి దిగలేదు. చేతిలో ఉండే కర్ర ఊరికే అదిరింది. ఎడమ రెక్క వాలిపోయింది. ఎంత లాగినా మళ్ళా లేవలేదు. చెట్టు నాకు కనపడింది గానీ తప్పించే దారి లేకపోయింది."

అధికారి అంతా రాసుకుని బయటికి నడిచాడు. తండ్రి వరండాలో నన్ను ఆపాడు. నేనెవరో ఆయనకు తెలియదు, నేను చేసిన ఘనకార్యమూ తెలియదు.

"అప్పా, ఉద్యోగం పోతే పోనీ, ఇంకోటి చూసుకుంటాడు. సొంతోళ్ళకు గొప్ప చూపించుకోను దిగి పడినాడనే మాట పోదు గదా. వాడు బతికినన్నాళ్ళూ ఉంటాది. కాదని చెప్పేదానికి ఏమన్నా దొరుకుతాదా?"

నేను "చూద్దాం సార్" అన్నాను. దొరికేదాన్ని ఏరి గట్టున వేయించింది నేనే అని చెప్పడానికి నోరు రాలేదు. మదనపల్లె నుంచి పుంగనూరు దాకా బస్సులో కిటికీ వైపు మొహం పెట్టుకుని కూర్చున్నాను. సిగ్గుతో ఒళ్ళు కాలుతోందంటే నమ్మండి.

మర్నాడు ఎవరూ పిలవకపోయినా మళ్ళీ ఆ పొలానికి వెళ్ళాను. గట్టు మీద ముక్కలు వేసినవి వేసినట్టే ఉన్నాయి. వాటిని చూస్తూ నడుస్తుంటే ఒకటి తట్టింది. అధికారి కుప్ప అన్నాడు, నేనూ కుప్పే అనుకున్నాను. కానీ అది ఒక కుప్ప కాదు. నాలుగేసి బారల దూరంలో చిన్న చిన్న కుప్పలు. లెక్కపెట్టాను. పన్నెండు.

పక్క చేలో ఆ కూలి ఆడవాళ్ళే పని చేస్తున్నారు. వాళ్ళను నడిపించే ఆమెను అందరూ పెద్దామె అంటారు. ఆమెను పిలిచి అడిగాను. "ఇన్ని కుప్పలు ఎందుకు వేసినారమ్మా?"

ఆమె నన్ను జాలిగా చూసింది. "ఎవురి మునుం కొసన వాళ్ళు యేసినారు సామీ. రాళ్ళు ఏరినా అంతే గదా. నా రాళ్ళు ఇంగొకామె మునుంలో పారేస్తే ఊరుకుంటాదా?"

మునుము అంటే పొలంలో ఒక్కో కూలి మనిషికి వచ్చే పట్టీ. వరసగా నిలబడి ఎవరి పట్టీ వెంట వాళ్ళు ఈ కొస నుంచి ఆ కొసకు పని చేసుకుంటూ పోతారు. ఒకరి మునుములో ఇంకొకరు కాలు పెట్టరు. అంటే ప్రతి ముక్కా పొలం వెడల్పులో ఏ పట్టీలో పడిందో ఈ గట్టే చెప్తోంది. ఇంక తెలియాల్సింది ఆ పట్టీలో ఎంత దూరాన పడిందో మాత్రమే.

"ఏ ముక్క ఎక్కడ ఏరినారో గుర్తుంటుందా అమ్మా?"

"దినామూ రాళ్ళు ఏరుతాము గానీ ఇమానం ఎప్పుడన్నా ఏరినామా? ఎట్ల మరుస్తాం?"

నేను బస్సెక్కి పుంగనూరు చేరి, ట్రావెలర్స్ బంగళాకు పరుగు లాంటి నడకతో వెళ్ళాను. అధికారి పెట్టె సర్దుకుంటున్నాడు. విని, తల అడ్డంగా ఊపాడు. కూలివాళ్ళ జ్ఞాపకం సాక్ష్యం ఎలా అవుతుందన్నాడు. "ఒక్క పూట సార్. తప్పు నాది, దిద్దుకోవడానికి ఒక్క పూట ఇవ్వండి" అన్నాను. అంత వేడుకోలు నేను నా పై అధికారుల దగ్గర కూడా ఎప్పుడూ చేయలేదు. చివరికి ఆయన "సరే, రేపు ఒక్క పూటే" అని పెట్టె పక్కన పెట్టాడు.

ఇంకొక అడ్డంకి పొలం యజమాని. విత్తి నాలుగు రోజులైంది, లోపల మొలక కదులుతోంది. తొక్కితే పైన పెచ్చు కట్టి మొలక రాదని అతని బాధ.

"నీ పదును కోసమే గదప్పా నేను మాట పడింది" అన్నాను.

అతను వంగి ఒక సాలులో మట్టిని వేలితో కదిపి చూశాడు. "సరే. సాలుకీ సాలుకీ మధ్యన నడవండి. సెప్పులు ఇడిసేసి. ఆ మద్రాసు సారు గూడా."

మద్రాసు సారు బూట్లు విప్పి, మేజోళ్ళు విప్పి, ప్యాంటు మడిచాడు. తెల్లటి పాదాలు. ఆడవాళ్ళు కొంగులు అడ్డం పెట్టుకుని నవ్వుకున్నారు.

పన్నెండు మందీ ఆ రోజు నిలబడిన వరసలోనే నిలబడ్డారు. ఎవరి కుప్ప వాళ్ళ గంపలో. పెద్దామె "కానియ్యండి" అన్నాక ఒక్కొక్కరూ తమ మునుము వెంట నడుస్తూ ఆగుతూ ముక్కలు దించసాగారు. "ఈడ సీమల పుట్ట ఉండె." "ఇది వాననీళ్ళ కాలవ పక్కన." "ఈ ఎర్ర అద్దం నా కాలికి గుచ్చుకున్నాది, ఇదో ఈడే." నేనూ మా గొలుసు మనిషీ వెనకే కొలుచుకుంటూ రాసుకుంటూ పోయాం.

సగం అయ్యాక అధికారి ఒక పని చేశాడు. అది నేను తప్ప ఎవరూ చూడలేదు. ఒకామె గంపలోంచి చిన్న రేకు తీసి, పక్క మునుము ఆమె గంపలో వేశాడు. ఆ రెండో ఆమె నాలుగు అడుగులు నడిచి, గంపలో చెయ్యి పెట్టి, రేకు తీసి తిప్పి చూసింది.

"ఇది నాది కాదు. ఎవురిదే ఇది?"

"నాదే. నీ గంపలోకి ఎట్ల వొచ్చె?"

అధికారి జేబురుమాలు తీసి మొహం తుడుచుకున్నాడు. ఆ తర్వాత ఆయన ఎవరి జ్ఞాపకాన్నీ పరీక్షించలేదు. తనే వంగి నా గొలుసు కొస పట్టుకున్నాడు.

మధ్యాహ్నానికి పటం తయారైంది. ఎడమ రెక్క చెట్టుకు తగిలిన చోటు నుంచి దాని కొన, దీపం అద్దం, ఆ తర్వాత లోపలి రేకులు, వరసగా విసిరేసినట్టు పరుచుకుని ఉన్నాయి. ప్రతిదీ ఉండాల్సిన చోట ఉంది. పలక ఒక్కటే లేదు.

"ఇంత పొడుగు రేకు ఎవరికీ దొరకలేదా?" అని అధికారి చేతులు చాపి అడిగాడు.

"దొరికుంటే గంపలో పట్టదు, ఇద్దరం మొయ్యాల" అంది పెద్దామె. "మా మునుంలో పడింటే ఇదో ఈ గెనిమ గట్టు మీదే ఉంటాది. ఈ సేన్లో పడలే సామీ."

అధికారి ఆమె వంక చూసి, చింతచెట్టు అవతలి వైపు తిరిగాడు. చెట్టుకు ముందే, తూర్పున ఎక్కడో పడి ఉండాలి. పటం మీద ముక్కల వరస విమానం వచ్చిన దిక్కును చూపిస్తూనే ఉంది. ఆ గీతను వెనక్కి పొడిగిస్తే చాలు. అది మా పనే. కర్రలు పాతి, చూపు కలిపి, చేన్లు దాటి, గుట్ట ఎక్కి దిగి, ముగ్గురం రెండు రోజులు నడిచాం. గీతకు అటూ ఇటూ వెతికాం. ఏమీ దొరకలేదు. నేను కూలబడ్డాను.

మా గొలుసు మనిషి బీడీ వెలిగించి, పొగ పోయే వైపు చూస్తూ అన్నాడు. "గింజ తూర్పార పట్టేది సూడలేదా సార్? గింజ నిట్టంగా కింద పడతాది. పొట్టు గాలెమ్మడి పోతాది. ఆ పలక తేలికదని మీరే గదా సెప్తాండారు. మనం గింజ పడే తావున పొట్టును ఎతుకుతాండాం."

ఆషాఢం గాలి నైరుతి నుంచి కొడుతుంది. పొట్టు ఈశాన్యానికి పోవాలి. నాలాంటి చదువుకున్న మూర్ఖుణ్ణి ఇన్నాళ్ళూ సార్ సార్ అని పిలిచినందుకు అతనికి మనసులోనే దణ్ణం పెట్టి, గీత వదిలి ఉత్తరపు వైపు చేన్లలోకి దిగాం. మూడో చేను చెరుకు. అవతల బావి కింద వరిమడి. కాలువలో నీళ్ళు ఒక మడి నుంచి ఇంకో మడికి మళ్ళించే మడవ దగ్గర, మట్టికి బదులు ఒక పొడుగాటి రేకు అడ్డం పెట్టి ఉంది. నీళ్ళలో తడిసి తళతళ మెరుస్తోంది.

మడి రైతు మమ్మల్ని చూడగానే చేతులు జోడించాడు. "దొంగతనం కాదు సామీ. మా సెరుకులో పడుండె. ఎవురూ రాలేదని మడవకు పెట్టుకుంటి."

"నీ మీద కేసు లేదప్పా. ఎప్పుడు పడింది ఇది?"

అతని భార్య ముందుకొచ్చింది. "నేను సంగటి ఎత్తుకొస్తాండా సామీ. పైనుంచి తిరుక్కుంటా తిరుక్కుంటా వొచ్చి సెరుకులో పడె. ఇదేందబ్బా అని నేను సూస్తాండంగానే, దూరాన ఆ పక్క ధబీమని సప్పుడు."

"ముందు ఇది పడింది, తర్వాత సప్పుడా?"

"ముందు ఇది. దీన్ని సూసినాకనే సప్పుడు."

అధికారి ఆమె చేత ఆ మాట మూడుసార్లు చెప్పించాడు. ఆమె మూడుసార్లూ ఒకే రకంగా చెప్పి, నాలుగోసారి అడిగితే సంగటి చల్లారుతుందంది. చెరుకులో విరిగిన గడలు చూపించింది. చింతచెట్టు అక్కడికి రెండు మైళ్ళ దూరం.

పలకను కడిగి గట్టు మీద పెట్టాం. రెండు కీళ్ళు. ఒక కీలు దగ్గర రేకు చిరిగి వంకర్లు పోయింది. రెండోదాని రంధ్రం గుండ్రంగా, గీత పడకుండా ఉంది. అధికారి దాన్నే చూస్తూ ఉన్నాడు. రైతు కూడా వంగి చూసి, మా ఇద్దరికన్నా ముందు నోరు తెరిచాడు.

"ఈ బొక్కలో బోల్టు ఇరగలేదు సామీ. ఇరిగుంటే బొక్క సీలిపోతాది. జారిపోయినాది. కడసీల పెట్టకుండా బండి కడితే సక్రం ఇట్లే పోతాది."

అధికారికి కడచీల అంటే ఏమిటో నేను చెప్పాను. బండి చక్రం ఇరుసు నుంచి జారకుండా గుచ్చే ఇనపచీల. ఆయన పెద్దగా నవ్వాడు. వారం రోజుల్లో ఆయన నవ్వడం అదే మొదలు. విమానం బోల్టుకూ అలాంటి చిన్న చీలే ఉంటుందట. అంతకుముందు మరమ్మతులో ఎవరో దాన్ని గుచ్చడం మరిచారు. అదిరి అదిరి మర వదులై, బోల్టు జారి, ఒక కీలు మీద వేలాడిన పలక దాన్ని చించుకుని పోయింది. తర్వాత పరీక్షలు చేసిన పెద్దవాళ్ళూ పేజీలకు పేజీలు రాసి చివరికి ఆ రైతు మాటే చెప్పారు.

ఇంక పటం తిరగరాశాను. కింద నా సంతకం, పక్కన పన్నెండు మంది ఆడవాళ్ళ పేర్లు, వేలిముద్రలు. తహసీల్దారు చూసి, "సర్కారు పటం మీద కూలివాళ్ళ వేలిముద్రలేమిటయ్యా?" అన్నాడు. "నేను కొలిచిన ముక్కలు వాళ్ళు పెట్టినవి సార్. వాళ్ళు లేకపోతే ఈ పటం తెల్లకాగితం" అన్నాను. ముక్కలు ఏరించింది నేనేననీ అదే కాగితం మీద రాశాను. దానికి నాకొక మెమో వచ్చింది. ఇప్పటికీ దాచుకున్నాను.

విచారణ ముగింపు మదనపల్లెలో, ఒక సర్కారు ఆఫీసు హాల్లో జరిగింది. పన్నెండు మందీ ఎర్రబస్సులో వచ్చి గోడ వారగా కింద కూర్చున్నారు. కుర్చీలు చూపిస్తే వద్దన్నారు. పైలట్ చంకకర్రల మీద వచ్చాడు. తండ్రి వెనక నిలబడ్డాడు. అధికారి నివేదిక చదవడం మొదలుపెట్టాడు. అంతా ఇంగ్లీషు. తండ్రికి ఇంగ్లీషు వచ్చు. చివరి పేరా దగ్గర ఆయన కుర్చీ వీపును రెండు చేతులతో పట్టుకున్నాడు. చదవడం అయిపోయింది.

"ఆ చివరి మాట ఇంకోసారి చదవండి సార్" అన్నాడు తండ్రి.

అధికారి కాగితం నా వైపు చాపాడు. "తెలుగులో మీరు చదవండి. అందరికీ అర్థమవ్వాలి."

నేను లేచి నిలబడ్డాను. "విమానం కూలడానికి కారణం మరమ్మతులో జరిగిన లోపం. పైలట్ తప్పు ఏమీ లేదు." తండ్రి కళ్ళు మూసుకున్నాడు. కొడుకు వంగిన తల ఎత్తాడు. ఏడాది తిరిగేసరికి అతను మళ్ళీ విమానమెక్కాడు, ఎనభైల్లో పెద్ద విమానాలే నడిపాడు.

గోడ వార నుంచి పెద్దామె అడిగింది. "సామీ, నాకు సరిగ్గా ఇనపడలేదు. తప్పు ఆ అబ్బోడిది కాదనేనా?"

ఆమె కోసం మళ్ళీ చదివాను. పన్నెండు మందీ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఒకామె కొంగుతో కళ్ళు ఒత్తుకుంది.

కాగితం ఇంకా నా చేతిలోనే ఉంది. ఆ వాక్యాన్ని మూడోసారి కూడా చదివాను, ఎవరూ అడక్కుండానే, గట్టిగా.